ఫ్లేవర్డ్ బాదం: పప్పు సరే, పూత సంగతేంటి?

ఫ్లేవర్డ్ బాదం ప్యాకెట్ కొత్తగా విప్పారా? నోట్లో వేసుకునే ముందు గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పొయ్యండి. అటూ ఇటూ ఒకసారి దొర్లించి పప్పులు పక్కకు తీసేయండి. మంచి సరుకైతే కాగితం మీద రంగు పొడి అంటీ అంటనట్టు ఉంటుంది. అర చెంచా పొడి రాలి కుప్పపడిందంటే మసాలా పప్పుకు పట్టలేదన్నమాట. అలాంటి ప్యాకెట్లో పైనున్న పప్పులు చప్పగా, అడుగునున్నవి ఉప్పు కషాయంలా ఉంటాయి. ఇప్పుడు ఆ కాగితాన్నే వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. నూనె మచ్చలు పెద్దగా పాకి కనిపిస్తే, ప్యాకెట్ మీద 'రోస్టెడ్' అని ఎంత లావు అక్షరాల్లో ఉన్నా నూనె గట్టిగానే పట్టించారని తెలుసుకోవచ్చు.

రెండో పరీక్షకు చాకు కావాలి. ఒక పప్పును నిలువునా రెండు బద్దలుగా చీల్చి లోపలి రంగు చూడండి. మీగడ రంగు నుంచి లేత గోధుమ రంగు దాకా ఎక్కడున్నా ఫర్వాలేదు గానీ, అంచు నుంచి మధ్య దాకా ఒకే తీరుగా ఉండాలి. బయటంతా లేతగా ఉండి నడిమధ్యలో ముదురు గోధుమ మచ్చ ఉంటే ఆ పప్పు వేయించక ముందే పాడయిందని గుర్తు. తోటలో రాలిన కాయలు ఆరకముందే వానకో తేమకో తడిస్తే ఇలా అవుతుంది. చిత్రమేమిటంటే పచ్చిగా ఉన్నప్పుడు ఈ మచ్చ కంటికి ఆనదు, సెగ తగిలాకే బయటపడుతుంది. తింటే చేదు. ఉత్త వేయించిన బాదంలో ఆ చేదు మొదటి పప్పుకే తెలిసిపోతుంది. కారం, పులుపు, పొగ వాసన అద్దిన బాదంలో పది పప్పులు తిన్నా తెలియదు. రుచి పూసిన సరుకుతో చిక్కంతా ఇక్కడే ఉంది. పూత బాగుంటే పప్పుకు అందం, పప్పు బాగాలేకపోతే అదే పూత ముసుగు. అందుకే ఏ కంపెనీదైనా మొదటిసారి చిన్న ప్యాకెట్టే కొనండి. నాలుగు పప్పులు చీల్చి చూశాకే పెద్దది.

మూడోది వాసన. ప్యాకెట్ కత్తిరించిన మొదటి క్షణంలోనే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. పాత అట్టపెట్టె వాసనో, గోడకు వేసిన పెయింటు వాసనో లీలగా తగిలితే నూనె ముక్కిపోవడం మొదలైందన్నట్టు. పచ్చి బాదంలో నూనె కణాల్లో భద్రంగా ఉంటుంది. వేయించగానే ఆ అరలు పగిలి నూనె పప్పంతా పాకుతుంది, గాలికి త్వరగా దొరుకుతుంది. అందుకే పచ్చి బాదం నెలల తరబడి నిలవున్నా వేయించింది ఉండదు. ముందు కిటికీలా పారదర్శకంగా ఉండే ప్యాకెట్లు చూడ్డానికి బాగుంటాయి. కానీ వెలుతురు తగిలితే నూనె ఇంకా త్వరగా చెడుతుంది, కారప్పొడి రంగు కూడా వెలుస్తుంది. లోపల వెండి రంగు పొర ఉండి, నైట్రోజన్ నింపడం వల్ల ఉబ్బుగా ఉన్న ప్యాకెట్టే నయం. షాపులో షెల్ఫు మీద అదే రకంలో ఒకటి చప్పగా అణిగి ఉందంటే అది గాలి పోయిన ప్యాకెట్. తీసుకోకండి.

ఇంతకీ ఇందులో వాడే బాదం చాలావరకు కాలిఫోర్నియాదే. ప్రపంచంలో పండే బాదంలో సుమారు 80 శాతం అక్కడిదే, దాన్ని అందరికంటే ఎక్కువగా కొనే దేశం మనది. మన వైపు ఇళ్ల ముందు పెద్ద ఆకులతో ఉండే బాదం చెట్టుకూ దీనికీ చుట్టరికం లేదు, అది వేరే జాతి. హైదరాబాద్ బేగంబజార్‌లో ఖరీదైన మామ్రా, చిన్న గుర్బందీ రకాలు కూడా దొరుకుతాయి గానీ వాటికి మసాలా అద్దడం శుద్ధ దండగ. వాటి సొంత రుచి కోసమే ఆ ధర ఇస్తాం. కాలిఫోర్నియాలోనే నాన్‌పరైల్ అనే రకం తొక్క పల్చగా, నున్నగా ఉంటుంది. బ్యూట్, పాడ్రే, మిషన్ రకాల తొక్క ముడతలు పడి ఉంటుంది. ఉప్పూ మసాలా బాగా పట్టేది ఆ ముడతల తొక్కకే. చూపుకు అందంగా, నున్నగా ఉన్న పప్పు మీద మసాలా ఎందుకు నిలవదో ఇప్పుడు తెలిసిందిగా.

ఇక రుచుల్లోకి వద్దాం.

పొగ వాసన రకం

ఈ కోవలో అందరికీ తెలిసిన పేరు బ్లూ డైమండ్ వాళ్ల స్మోక్‌హౌస్. బ్లూ డైమండ్ అంటే ఒక యజమాని కంపెనీ కాదు, బాదం రైతుల సహకార సంఘం. 1910లో మొదలైంది, కేంద్రం శాక్రమెంటో. అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసుల్లో ఈ డబ్బాలు తరచూ కనిపిస్తాయి. ఇక్కడైతే దిగుమతి సరుకుగా పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

పేరు చూసి బాదాన్ని కట్టెల పొగలో ఆరబెట్టారనుకోకండి. హికరీ అనే చెట్టు కలపను కాల్చి, ఆ పొగను నీళ్లలో పట్టి, శుద్ధి చేసిన సారం అది. నూనెలో వేగిన పప్పుకు ఉప్పు, పిండి నుంచి తీసే పొడి మాల్టోడెక్స్‌ట్రిన్, ఈస్ట్, మొక్కజొన్న సోయా ప్రోటీన్లను విడగొట్టిన పొడి, ఈ పొగ సారం కలిపి పట్టిస్తారు. ఈస్టూ ఆ ప్రోటీన్ పొడీ ఎందుకంటే, కూరలో ఎండు రొయ్య పడితే వచ్చే లోతైన రుచిని అవే తెస్తాయి. చెయ్యి ప్యాకెట్లోంచి బయటికి రానివ్వని గుణం వాటిదే. రుచిగా చూస్తే ప్యాకెట్ రకాలన్నిటిలో దీనికే మొదటి మార్కు. పొగ వాసన బాదం సొంత రుచిని మింగెయ్యదు, వేయించిన వాసనతో కలిసిపోతుంది. మూడో నమలుకి పప్పు తీపి కూడా నాలుక మీదికొస్తుంది. మందు బల్ల మీద స్టఫ్‌గా పెడితే మాత్రం లెక్క తప్పిపోతుంది. ముందే గిన్నెలోకి కొలిచి పోసుకుని డబ్బా మూత పెట్టేయడమే మార్గం.

దీన్ని అనుకరించి ఇక్కడ వచ్చే కొన్ని చవక రకాల్లో పొగ సారం ఎక్కువై, తిన్న గంట దాకా గొంతులో బొగ్గు వాసన వదలదు. అలాంటివి రెండో గుప్పెడుకే మొహం మొత్తుతాయి.

ఉప్పు, వెనిగర్

పప్పు మీద ద్రవం పోస్తే మెత్తబడుతుంది కాబట్టి వెనిగర్‌ను పొడి రూపంలోనే వాడతారు. ఎక్కువగా సోడియం డైఅసిటేట్ అనే పదార్థం, దాన్ని మోసే మాల్టోడెక్స్‌ట్రిన్. మన లేబుళ్ల మీద ఈ డైఅసిటేట్‌ను ఐఎన్ఎస్ 262 కింద వెతకొచ్చు (ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంతర్జాతీయ సంఖ్య). పేరులోనే సోడియం ఉంది చూశారా. ఈ రుచిలో ఉప్పు నుంచి వచ్చే సోడియం ఒకటి, పులుపు నుంచి వచ్చేది మరొకటి. బీపీ ఉన్నవాళ్లు రెండు రకాల మధ్య ఎంచుకోవాల్సి వస్తే ముందు దీన్నే పక్కన పెట్టడం మంచిది, లేబుల్ మీద అంకె తక్కువుంటే తప్ప. నోట్లో పుండ్లు, ఛాతీలో మంట ఉన్నవాళ్లకూ పనికిరాదు. రుచి విషయానికొస్తే చింతకాయ, మామిడికాయ పులుపుకు అలవాటు పడిన నాలుకకు ఇది ముక్కుకు కొట్టే పులుపు. కొందరికి మొదటి పప్పుకే నచ్చుతుంది, మిగతా వాళ్లకు ఎప్పటికీ నచ్చదు.

వసాబీ, సోయా

పేరు జపాన్‌దే గానీ ఘాటు మనకు కొత్త కాదు. ఆవపెట్టిన పనసపొట్టు కూర తింటుంటే ముక్కులోకి ఎక్కుతుందే, అదే. ఆవాల్లో ఉన్నదీ వసాబీలో ఉన్నదీ ఒకే రసాయనం, అల్లైల్ ఐసోథయోసయనేట్. అసలు వసాబీ దుంప చాలా ఖరీదు కాబట్టి ఇలాంటి చిరుతిళ్లలో ఎక్కువగా వాడేది హార్స్‌రాడిష్ వేరు పొడి, ఆవ పొడి. మిరపకాయ మంట నాలుక మీద నిలబడుతుంది, ఇది ముక్కులోకి దూసుకెళ్లి పది సెకన్లలో పోతుంది. అదే దీని సుగుణం. గబగబా తినలేం. ఒక్కో పప్పు తిని, కాసేపు ఆగి, మళ్లీ తినాలి. మితంగా తినాలనుకునే వాళ్లకు పొగ రకం కంటే ఇదే మేలు.

లోపం కూడా ఆ ఘాటుతోనే. అది గాల్లోకి ఆవిరయ్యే సరుకు. ప్యాకెట్ విప్పిన రోజు కళ్లల్లో నీళ్లు తెప్పించింది మూడో వారానికి ఉప్పు సోయా బాదంగా మిగులుతుంది. మెత్తబడిందని ఓవెన్‌లో పెట్టారో, ఉన్న ఘాటూ అప్పుడే పోతుంది. ఇందులో సోయా సాస్ పొడి ఉంటుంది కాబట్టి సోయాతో పాటు గోధుమ కూడా ఉండొచ్చు. గ్లూటెన్ పడనివాళ్లు 'బాదమే కదా' అని ధీమాగా తినకూడదు, అలర్జీ వరుస చదవాల్సిందే.

తేనె, చాక్లెట్

హనీ రోస్టెడ్ ప్యాకెట్ వెనక పదార్థాల వరుస చూడండి. బరువు ఎక్కువున్నది ముందు రాయాలన్నది నియమం. తేనె కంటే చక్కెర ముందుందంటే పేరు తేనెది, పని చక్కెరది. ఇది వానాకాలానికి అసలు కుదరని రకం. చక్కెర పూత గాలిలో తేమను లాక్కుని జిగురవుతుంది. విశాఖ, కాకినాడ వైపు విప్పిన ప్యాకెట్ రెండు రోజుల్లో ముద్ద కడుతుంది. పళ్ల సందుల్లో అతుక్కుంటుంది కాబట్టి పిల్లలకు పెడితే పుక్కిలింపించాలి. మధుమేహం ఉన్నవాళ్లు బాదం మంచిదన్న మాట విని ఈ ప్యాకెట్ కొంటే, ఆ మాట దీనికి వర్తించదు. చాక్లెట్ పూసినవాటి గురించి చెప్పేది పెద్దగా లేదు. కోకో పొడి చల్లినదైతే ఫర్వాలేదు. మందంగా చాక్లెట్ పోసినదైతే బరువులో బాదం సగం కూడా ఉండకపోవచ్చు. అది మిఠాయి, మిఠాయి లెక్కలోనే తినండి.

పెరిపెరి, కారం, మసాలా

మన దేశపు కంపెనీలు బాగా చేస్తున్నవి ఇవే. మంచి పెరిపెరిలో ముందు పులుపు, తర్వాత వెల్లుల్లి, చివర్న కారం వరుసగా రావాలి. మూడూ ఒక్కసారి మీదపడితే నిమ్మ ఉప్పు ఎక్కువ వేశారని అర్థం. రంగు ఎర్రగా ఉండి కారం లేకపోతే పాప్రికా, అంటే రంగే తప్ప కారం అంతగా లేని మిరపపొడి, వాడినట్టు. గుంటూరు కారం అని పేరు పెట్టి పాప్రికా రుచి చూపించే ప్యాకెట్లకు కొదవలేదు.

స్వీటు షాపుల్లో విడిగా తూచి ఇచ్చే మసాలా బాదం వేరే సంగతి. అది పల్లీ పకోడీకి అన్న. శనగపిండి, బియ్యప్పిండి, కారం కలిపిన జారులో ముంచి నూనెలో వేస్తారు. కరకరలాడుతుంది, రుచిగానే ఉంటుంది. కానీ పిండి పూత నూనెను పీలుస్తుంది, తూకంలో పిండి వాటా పెరుగుతుంది, బాదం ధర మాత్రం పూర్తిగా పడుతుంది. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచిన చోటైతే వాసనలోనే తెలిసిపోతుంది. అరచేతిలో ఒకటి నలిపి చూడండి. పిండి పెంకు విడిపోయి పప్పు శుభ్రంగా బయటికి వస్తే తాజాది. సాగుతూ వేలికి జిడ్డుగా అంటుకుంటే నిన్నటిదో మొన్నటిదో.

లేబుల్ మీద చూడాల్సిన నాలుగు అంకెలు

మొదటిది బాదం శాతం. 'బాదం 88 శాతం' అని ఉంటే 200 గ్రాముల ప్యాకెట్‌లో బాదం 176 గ్రాములు, మిగతా 24 గ్రాములు పూత. ధరను 200తో కాక 176తో భాగించి, అదే షాపులో ఉత్త వేయించిన బాదం ధరతో పోల్చండి. పూతకు ఎంత ఇస్తున్నారో తేలుతుంది. 90 పైన ఉంటే మంచి రకం, 80 కంటే తగ్గితే పిండో చక్కెరో బాగా ఉన్నట్టే.

రెండోది సోడియం. మన దగ్గర పోషకాల పట్టికలో 100 గ్రాములకు ఎంతో రాస్తారు. సోడియం మిల్లీగ్రాములను 2.5తో గుణిస్తే ఉప్పు మిల్లీగ్రాములు వస్తాయి. ఉదాహరణకు 100 గ్రాములకు 600 మిల్లీగ్రాములని ఉంటే, గుప్పెడుకు, అంటే 28 గ్రాములకు, 168 మిల్లీగ్రాముల సోడియం. ఉప్పుగా చూస్తే 0.42 గ్రాము. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లేబుల్ లెక్కలకు తీసుకునే 2,000 మిల్లీగ్రాముల సోడియం కూడా దానికి సమానమే. నిజం చెప్పాలంటే ఒక చెంచా ఆవకాయలో ఈ గుప్పెడు బాదం కంటే ఉప్పు ఎక్కువే ఉంటుంది. గుప్పెడుతో ప్రమాదమేమీ లేదు. సినిమా చూస్తూ 200 గ్రాముల ప్యాకెట్ ఖాళీ చేస్తే 3 గ్రాముల ఉప్పు లోపలికి పోతుంది, చిక్కు అక్కడ.

మూడోది 'ఒక సర్వింగ్' ఎంతని రాశారన్నది. ఒకరు 15 గ్రాములంటారు, ఇంకొకరు 30 అంటారు. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఆ గడి వదిలేసి 100 గ్రాముల గడే చూడండి. నాలుగోది తయారీ తేదీ. గడువు తేదీ ఎంత దూరంలో ఉన్నా, తయారై నాలుగు నెలలు దాటని ప్యాకెట్ ఏరుకోవడం మంచి అలవాటు.

ఐఎన్ఎస్ 621, 627, 631 లాంటి అంకెలు చూసి బెదరక్కర్లేదు. రుచి పెంచే పదార్థాలవి, అనుమతి ఉన్నవే. అవి ఉన్న ప్యాకెట్ ఆపడం కష్టం, అంతవరకే. 631 చేపల నుంచో మాంసం నుంచో కూడా తయారు కావచ్చు కాబట్టి శాకాహారులు ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోవాలి. విదేశం నుంచి ఎవరో తెచ్చిన డబ్బా మీద ఆ చుక్క ఉండదు.

ఒంటికి ఏం చేస్తుంది

28 గ్రాముల ఉత్త బాదం అంటే సుమారు 23 పప్పులు. లేబుల్ లెక్కలో 164 కేలరీలు, ఒక గుడ్డుకు సమానంగా 6 గ్రాముల ప్రోటీన్, 14 గ్రాముల కొవ్వు, 3.5 గ్రాముల పీచు, 7 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ ఇ, 76 మిల్లీగ్రాముల మెగ్నీషియం. కొవ్వులో హానిచేసే సంతృప్త రకం 1 గ్రాము చిల్లరే.

ఈ కేలరీల్లో ఒక తిరకాసు ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2012లో మనుషులకు బాదం తినిపించి, ఒంటికి పట్టకుండా బయటికి పోయిన దాన్ని కూడా కొలిచి లెక్కకట్టారు. 28 గ్రాముల నుంచి ఒంటికి నిజంగా అందింది సుమారు 129 కేలరీలే. మనం ఎంత నమిలినా కొన్ని కణాలు పగలకుండానే పొట్ట దాటిపోతాయి, వాటిలోని నూనె మనకు దక్కదు. వేయించిన పప్పు పెళుసుగా నలుగుతుంది కాబట్టి పచ్చిదాని కంటే కొంచెం ఎక్కువ అందుతుంది. వెన్నలా నూరితే దాదాపు మొత్తం అందుతుంది. ఫ్లేవర్డ్ బాదం వేయించిందే కాబట్టి 164కీ 129కీ మధ్యలో ఎక్కడో వేసుకోండి. నూనె పూతా చక్కెర పూతా ఉంటే ఆ తగ్గింపు వాటికి లేదు, అవి పూర్తిగా ఒంటికి పడతాయి.

కొలెస్ట్రాల్ మీద ప్రభావం ఉంది, అద్భుతమేమీ కాదు. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో రోజుకు 73 గ్రాములు తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ 9.4 శాతం, అందులో సగం మోతాదుకు 4.4 శాతం తగ్గింది. రోజూ 73 గ్రాములు తినడం జేబుకూ కష్టమే, పొట్టకూ కష్టమే. గుప్పెడుతో మూడు నాలుగు శాతం అనుకోవచ్చు, అదీ మిక్చర్, బజ్జీలు మాని ఆ స్థానంలో తింటే. వాటితో పాటు ఇదీ తింటే బరువే పెరుగుతుంది. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో గింజల ప్యాకెట్ల మీద గుండె జబ్బుల గురించి రాసుకోనిచ్చిన వాక్యం కూడా 'ఆధారాలు సూచిస్తున్నాయి, కానీ రుజువు చేయలేదు' అన్న మెలికతోనే ఉంటుంది.

రక్తంలో చక్కెర గురించి మన దేశంలోనే పని జరిగింది. ఢిల్లీలో డాక్టర్ అనూప్ మిశ్రా బృందం మధుమేహం అంచున ఉన్న 60 మందిని తీసుకుని, భోజనానికి అరగంట ముందు 20 గ్రాముల బాదం మూడు పూటలా మూడు నెలలు ఇప్పించింది. 2023లో వచ్చిన ఫలితాల్లో చక్కెర అదుపు మెరుగైంది. ఆ పరిశోధనకు డబ్బు పెట్టింది కాలిఫోర్నియా బాదం బోర్డన్న సంగతి పక్కనే చెప్పుకోవాలి. ఫలితం అబద్ధమని కాదు, అమ్మేవాడి ఖర్చుతో జరిగిందని గుర్తుంచుకోవడానికి. ఇంకోటి, అది తేనె పూసిన బాదం మీద జరగలేదు.

మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లకు బాదం ఏ రుచిలోనైనా మంచిది కాదు, ఆక్సలేట్ బాగా ఉంటుంది. కిడ్నీ జబ్బుతో పొటాషియం, భాస్వరం తగ్గించమన్న వాళ్లు డాక్టర్‌ను అడిగే తినాలి. ఐదేళ్లలోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, గట్టి పప్పు చేతికి ఇవ్వొద్దు. ఒకేసారి 60 గ్రాములు దాటితే పీచు వల్ల చాలామందికి కడుపు ఉబ్బుతుంది, నీళ్లు తక్కువ తాగితే మరీను. 'బాదం వేడి చేసింది' అని ఎండాకాలంలో అనేమాట ఉప్పు పూసినవాటి విషయంలో సగం దాహమే.

ఇంట్లో చేస్తే

పై లోపాల్లో సగం ఇంట్లో చేసుకుంటే పోతాయి. 250 గ్రాముల బాదానికి 60 మిల్లీలీటర్ల వేణ్నీళ్లలో ఒక చెంచా మెత్తటి ఉప్పు, అంటే 5 గ్రాములు, కరిగించండి. పప్పులు అందులో వేసి 20 నిమిషాలు అప్పుడప్పుడూ కలుపుతూ ఉంచి, మిగిలిన నీళ్లు వంచేయండి. ఉప్పు పైపైన కాక తొక్కలోకి పోతుంది, పొడి రాలే బాధ ఉండదు. ట్రేలో ఒకే వరుసగా పరిచి 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు, పది నిమిషాలకోసారి కలుపుతూ వేయించాలి. తొందరపడి 170, 180 పెట్టకండి. బయట మాడి లోపల మెత్తగా ఉంటుంది, పైగా ఎక్కువ సెగకు బాదంలో అక్రిలమైడ్ అనే హానికర పదార్థం పెరుగుతుంది. వేడి మీద కొరికి 'ఇంకా మెత్తగా ఉందే' అని మళ్లీ పెట్టడం అందరూ చేసే తప్పు. కరకర వచ్చేది చల్లారాకే. ఒక పప్పును చీల్చి చూడండి, లోపల లేత గోధుమ రంగు వస్తే చాలు. ఓవెన్ లేకపోతే మందపాటి మూకుడులో సన్నసెగ మీద 12 నుంచి 15 నిమిషాలు, చెయ్యి ఆపకుండా.

మసాలా ఎప్పుడు వెయ్యాలన్నదే అసలు కిటుకు. కారం, వెల్లుల్లి పొడి ముందే వేస్తే మాడి చేదెక్కుతాయి. పొయ్యి దింపిన రెండు నిమిషాలకు, పప్పు చేతికి చురుక్కుమనేంత వేడి ఉండగా ఒక చెంచా నూనె రాసి, వెంటనే 8 నుంచి 10 గ్రాముల పొడి చల్లి గిన్నె ఎగరేస్తూ కలపాలి. చల్లారాక చల్లితే పట్టదు. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత అంటుకుంటుంది, కాబట్టి మిక్సీ పట్టి జల్లించండి. నూనె వద్దనుకుంటే తుమ్మ బంక నీళ్లు చెంచాడు రాసి, పొడి చల్లి, మళ్లీ ఐదు నిమిషాలు 100 డిగ్రీల దగ్గర ఆరబెట్టొచ్చు. కంపెనీల్లోనూ బంక వాడకం ఉన్నదే. పులుపుకు నిమ్మరసం పిండితే పప్పు మెత్తబడుతుంది. చిటికెడు నిమ్మ ఉప్పో, చెంచాడు ఆమ్‌చూరో వేసుకోండి.

మన నాలుకకు బాగా కుదిరే పొడి ఒకటుంది. గుప్పెడు కరివేపాకు కడిగి, తడి పూర్తిగా ఆర్చి, నూనె లేకుండా గలగలలాడేదాకా వేయించి, అర చెంచా మిరియాలు, పావు చెంచా జీలకర్ర, చిటికెడు ఇంగువతో నూరండి. ఉప్పు ఇదివరకే పప్పులో ఉంది, మళ్లీ వద్దు. ఎయిర్ ఫ్రయ్యర్ వాడేవాళ్లు 140 దగ్గర 12 నిమిషాలు పప్పు మాత్రమే వేయించి, పొడి బయట కలుపుకోండి. లోపల వేస్తే ఫ్యాను గాలికి మసాలా అంతా ఎగిరి బుట్ట గోడలకు అతుక్కుంటుంది.

నిలవ

విప్పిన ప్యాకెట్‌ను క్లిప్పు పెట్టి వదిలేస్తే వానాకాలంలో వారం కూడా ఆగదు. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, చీకటి అరలో పెడితే రెండు మూడు వారాలు బాగుంటుంది. ఇంగువ డబ్బా, ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టొద్దు, బాదం పక్క వాసనలు ఇట్టే పీలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టినవాళ్లు బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకూడదు. తీస్తే చల్లటి పప్పు మీద తేమ పట్టి ఉప్పు పూత చెమ్మగిల్లుతుంది. మెత్తబడిన పొగ రకం, కారం రకం 120 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. తేనెది పెట్టకండి, పూత కరిగి ట్రేకి అంటుకుంటుంది. ముక్కిన వాసన వచ్చినదాన్ని ఏ సెగా బాగుచేయలేదు, పారేయాల్సిందే.

ప్యాకెట్ అడుగున మిగిలే రంగు పొడిని చాలామంది దులిపి పారేస్తారు. పెరిపెరిదైతే దాచండి. వేయించిన మరమరాల మీదా, కోసిన జామకాయ ముక్కల మీదా చల్లడానికి అదే సరిపోతుంది, విడిగా ఉప్పు వెయ్యక్కర్లేదు.